బాపు సగంల ఇడిచిపెట్టిన కోర్సు

మా ఇంట్ల కుక్కరుకు నా మీద ఏదో పగ ఉన్నది. నేను మైకు ముంగట కూసోని నోరు తెరిస్తే చాలు, అది కూత పెడ్తది.

నాది కోర్సులు తయారుజేసే పని. కంపెనీలల్ల కొత్తగ చేరినోళ్లు ఫోన్ల చూసి నేర్చుకునే పాఠాలుంటయి గదా, అవి. పాఠం రాస్త, బొమ్మలు పెడ్త, చదివెటోళ్లు నిద్రపోకుండ మధ్యల ఆటల్లాంటివి పెడ్త, ఆఖరుకు నా గొంతుతోనే మాటలు రికార్డు చేస్త. మొన్న ఒక బెంగళూరు కంపెనీకి అగ్గి ప్రమాదాల కోర్సు పంపిస్తే, "అలారం మోగంగనే మెట్ల మీదికెళ్లి దిగాలె" అన్న కాడ మా కుక్కరు కూత పడ్డది. వాళ్లు దాన్నే అలారం అనుకోని మస్తు మెచ్చుకున్నరు. ఆ తర్వాత పాస్‌వర్డుల కోర్సుల గూడ అదే కూత వినొచ్చేసరికి ఫోన్ చేసి, "శ్రవ్య గారూ, చప్పుడు లేని చోటు చూసుకోండి, లేకపోతే వచ్చే కోర్సు ఇంకొకరికి ఇచ్చేస్తాం" అన్నరు.

చప్పుడు లేని చోటంట! పాతబస్తీల! ఆటోల హారన్లు, ఎదురింటి కుట్టుమిషిన్లు, పక్కింటోళ్ల బర్రెలు, మా అమ్మ టీవీ. నోరు మూసుకోని కూసున్నా మైకుల గల్లీ అంత పడ్తది.

ఉన్నది ఒక్కటే జాగ. పత్తర్‌గట్టిల మా చీరల దుకాణం మీది గది. రాతిగోడలు ఇంత మందం. తలుపేస్తే కింద బజార్ల ఏం జరిగినా మనకు పట్టది. ఇప్పుడైతే దాంట్ల ఖాళీ డబ్బాలు, చీరలు కట్టి నిలబెట్టే చెయ్యి ఇరిగిన బొమ్మలు, ఎవలికి అక్కరలేని పాత పరుపులు పడి ఉన్నయి. అది నాకు కావాలె. గది దొరికితే పని ఉంటది, లేకపోతే పోతది. అంత సీదా ముచ్చట.

సీదాగ ఉంటే మా ఇల్లెందుకైతది? మా అన్న శ్రవణ్‌కుమార్ అప్పటికే ఆ గది మీద కన్నేసిండు. శ్రావణమాసం పెండ్లిళ్లకు లెహంగాల మాల్ తెప్పిస్తుండు, అది పెట్టుడుకు జాగ లేదట. నేను అడిగిన, ఆయన అడిగిండు, ఇద్దరం కలిసి బాపు ముంగట ఒర్లినం. బాపు, అంటే రామలింగయ్య, మా గల్లీ బట్టల దుకాణాల సంఘానికి పెద్ద. ఎవలి లొల్లయినా సగం ఇని సగం ఇనకుండనే తీర్పు చెప్పుడు ఆయనకు అలవాటు.

"నువ్వు చేసే కోర్సులేందో నాకు తెల్వయి గని," అన్నడు నాతోని, "మన సంఘంల కొత్తగ వచ్చే పోరలకు గిరాకితోని మాట్లాడుడు రాదు. మొన్న ఒకడు ఒక పెద్దమ్మను 'మీ వయసుకు ఈ రంగు అవసరమా' అన్నడు. ఆమె వాన్ని మూరకర్రతోని కొట్టబోయింది. వాళ్లకొక కోర్సు చెయ్యి. ముందు నేను చూస్త. మొదటికెళ్లి ఆఖరుదాక నన్ను కూసోబెట్టినవంటే గది నీది. శ్రావణం మాల్ దిగేలోపు కాకపోతే శ్రవణ్‌ది."

మా అన్న నవ్విండు. బాపు ఏ సినిమా గూడ ఆఖరుదాక చూసిన మనిషి గాదు. నాకు ఒళ్లు మండింది. "చూస్కో," అన్న.

తెల్లారి లాప్‌టాప్ పట్టుకోని దుకాణానికి పోయిన. మా దుకాణంల కుర్చీలు ఉండయి, తెల్ల పరుపు మీద కూసునుడే. బాపు గల్లా కాడికెళ్లి లేచి వచ్చి, గోడకానుకోని, గిరాకిలెక్క కాళ్లు మడుసుకోని కూసున్నడు. అమ్మ సావిత్రి గూడ ఆ రోజు వచ్చింది, గమ్మతు చూద్దామని. మా పాత సేల్స్‌మన్ కొండల్ కాకా అందరికి చాయ్ తెచ్చిండు.

"ఏమేమున్నయ్, తియ్యి," అన్నడు బాపు.

నేను చెప్పిన, "బాపు, అన్నీ తీసుడు గాదు. పాఠాన్ని బట్టి ఆట ఉంటది. బట్టను గుర్తుపట్టుడు నేర్పాలంటే బొమ్మకు పేరు జతచేసేది పెట్టాలె. కోపమొచ్చిన గిరాకితోని మాట్లాడుడు నేర్పాలంటే..."

"నువ్వు తియ్యి బిడ్డా. తీస్తెనే గదా తెలిసేది."

తీసిన. ప్రశ్నలకు జవాబులు నొక్కేది తీసిన. "పక్కకు పెట్టు," అన్నడు. వేలితోని గుంజి జతచేసేది తీసిన. "ఇది గూడ పక్కకు పెట్టు." నొక్కితే తిరిగే కార్డులు తీసిన. అమ్మ ముంగటికి వంగి, "వీటిల ముదురు రంగులు లేవా?" అన్నది. గిరాకి వేషంల ఒక బొమ్మ వచ్చి మాట్లాడితే మనం జవాబు ఎంచుకునే సన్నివేశం తీసిన. "అగో, ఇది మంచిగున్నది, దీంట్లనే ఇంకో డిజైన్ చూపియ్యి," అన్నడు బాపు. మా అన్న లెహంగాల కాడికెళ్లే, "అన్నీ కట్టియ్యిరాదు, ఎందుకు పరేషాన్!" అని మొత్తుకున్నడు. పక్కకు పెట్టినవి కుప్పయినయి. చాయ్ రెండోసారి వచ్చింది. నా దగ్గరున్న సరుకంత ఒడిసినంక బాపు గడ్డం గోక్కోని, "మొదాలు చూపిచ్చింది ఏంది? అదే మంచిగుండె. అదే పెట్టు," అన్నడు.

జవాబులు నొక్కేది! అన్నిట్లకెల్లి సాదాది! నేను ఇంత చదువు చదివి, ఏ పాఠానికి ఏ ఆట అని దిమాక్ ఖరాబ్ చేసుకుంటే! సరే, ఒప్పుకున్నట్లే గదా అని అదే పెట్టి, కోర్సు బాపు ఫోన్ల ఏసిచ్చిన.

కోర్సు ఎవలు ఎంతదాక చూసిండ్రో నా లాప్‌టాప్‌ల కనపడ్తది. పొద్దుగూకి చూసిన. మొదటి పాఠం చూసిండు, పది ప్రశ్నలకు జవాబులు నొక్కిండు, మార్కులు కనపడంగనే "బయటకు" అనే బటన్ నొక్కి పోయిండు. రెండో పాఠం ముట్టలే.

అన్నం తింటుంటే అడిగిన, "ఎట్లున్నది బాపు?"

"బాగనే ఉన్నది గని..." అన్నడు. అని పప్పు కలుపుకున్నడు.

"గని?"

"ఏం లేదు. బాగనే ఉన్నది."

ఈ 'బాగనే ఉన్నది గని'తోని నేను ఎన్ని దినాలు చచ్చిన్నో చెప్తే మీరు నవ్వుతరు. ప్రశ్నలు నచ్చలేదేమో అని అవి తీసేసి, గుంజి జతచేసేది పెట్టిన. ఒక పక్క గద్వాల, పోచంపల్లి, నారాయణపేట చీరల బొమ్మలు, ఇంకో పక్క పేర్లు. పుట్టినకాడికెళ్లి చీరల్ల బతికిన మనిషి, కండ్లు మూసుకోని చెయ్యాలె. ఒక్కటి తప్పువోయింది, వేలు జారిందో ఏందో. ఎర్రగ "తప్పు" అని పడ్డది. బాపు "బయటకు." కార్డులు పెట్టిన. అన్ని కార్డులు ఒకటే పారి తిప్పి, పరుపు మీద చీరలు ఇప్పినట్లు ఇప్పి, ఏదీ చదవకుండ కింద ప్రశ్న కాడ తప్పు నొక్కి, "బయటకు." ఆఖరుకు నా దగ్గరున్న పెద్ద ఆయుధం తీసిన. బేరమాడే సన్నివేశం. తెరమీద ఒక ముస్లిం అక్క బొమ్మ, మా బజార్ల ఆపా అంటం, చీర పట్టుకోని మాట్లాడ్తది, సేల్స్‌మన్ ఏమనాలో మనం ఎంచుకోవాలె. ఇది మా బాపు పొద్దందాక చేసే పనే! దీన్ని ఎట్ల ఇడుస్తడో చూస్త అనుకున్న.

ఇడిసిండు. అదే కాడ, మార్కుల కాడ.

"ఎట్లున్నది?"

"బాగనే ఉన్నది గని..."

నాకు ఏడుపొచ్చింది. నిజంగ వచ్చింది. బయటోళ్లు నచ్చలేదంటే మార్చి ఇస్త, ఫికర్ లేదు. సొంత బాపు, బిడ్డ చేసిన పని రోజు సగం చూసి ఇసిరేస్తుంటే ఎట్లుంటది? అమ్మ మీద ఒర్లిన, కుక్కరు మీద ఒర్లిన. ఆ కుక్కరు ఎదురు ఒర్లింది.

ఇగ తెల్లారితే మాల్ దిగుతదనంగ, మా అన్న టేపు పట్టుకోని గది కొలుస్తుండని కొండల్ కాకా ఫోన్ చేసిండు. అన్నం గూడ తినలే, బండి తీసి దుకాణానికి ఉరికిన. అడుగుదామనే పోయిన. గది ఇయ్యకుంటే ఇయ్యకు, నా పని ఎందుకు నచ్చలేదో నోరు తెరిసి చెప్పు అని మొఖం మీదనే అడుగుదామని.

పగటిపూట, గిరాకి పల్చగున్నది. బాపు గల్లా కాడ ఒక్కడే కూసున్నడు. చేతిల ఫోన్. నేను మెట్ల కాడనే ఆగిన. అప్పుడే "బయటకు" నొక్కినట్లున్నడు, తెర మీద "మళ్లీ కలుద్దాం" అని నేను రాసిన మాట మెరుస్తుంది. బాపు ఫోన్ పక్కన పెడ్తలేడు. చెయ్యి చాపి దూరంగ పట్టుకున్నడు. మొఖం బజారు దిక్కు తిప్పిండు. కన్ను మాత్రం ఫోన్ మీదనే. ఫోన్‌ను జర ఇంకింత దూరం జరిపిండు. మళ్ల ఓరగంట చూసిండు.

"ఏం చేస్తున్నవ్ బాపు?"

ఉలిక్కిపడ్డడు. "ఏం లేదు. బేరం."

"ఎవలితోని?"

"నీ కోర్సుతోని." ఫోన్ నా దిక్కు తిప్పిండు. "పదికి ఆరిచ్చింది. నేను ఎనిమిదియ్యి అన్న. ఇయ్యలే. లేచిన. పిలుస్తదేమో అని చూస్తున్న."

నాకు ఒక నిమిషం ఏం సమజ్ గాలే.

"పిలుస్తదా? ఏం పిలుస్తది? అది ఫోను బాపు!"

"అందుకే అంటున్న, బాగనే ఉన్నది గని." ఇగ అప్పుడు ఆ 'గని' ఎనక ఉన్నదంత బయటికొచ్చింది. "మన దుకాణంల గిరాకి లేస్తే ఏం చేస్తం? కొండల్ మెట్లదాక పోతడు. 'అరే ఆపా, సునో తో, ఏక్ ఔర్ దేఖ్ కే జావ్' అని, ఇంకొక్కటి చూసి పొమ్మని పిలుస్తడు. అవునా? లేచినోళ్లందరు పోనీకి లేవరు. పిలుస్తరని లేస్తరు. నీ దుకాణంల ఏమున్నది? తప్పు చేస్తే ఎర్రగ మొఖం మీద తప్పు అంటరు. పోతుంటే 'మళ్లీ కలుద్దాం' అని తలుపు తీసి పట్టుకుంటరు. రోజు కూసున్న. రోజు ఆ బటన్ నొక్కి చూసిన. ఒక్కనాడన్న ఆగు బాపు అన్నవా?"

నవ్వొచ్చింది. పరుపు మీద కూలబడి నవ్విన. కొండల్ కాకా ఏమైందో తెల్వక నాకు నీళ్లు తెచ్చిండు. నవ్వి నవ్వి, ఆ నీళ్లు తాగుతుంటే అప్పుడు సమజైంది. నేనేమో ఈయన రోజు ఇడిసిపోతుండు అని ఏడ్సిన. ఈయనేమో రోజు ఫోన్ పట్టుకోని, బిడ్డ పిలుస్తదని కూసున్నడు.

"మరి నోరు తెరిసి చెప్పొచ్చు గదా!" అని ఒర్లిన. కోపం గూడ వచ్చింది మరి.

"గిరాకి ఎక్కడన్న 'నన్ను పిలువు' అని చెప్తడా?" అన్నడు, నాకే తెలివి లేనట్లు.

ఇంటికొచ్చి అమ్మకు చెప్తే ఆమె అస్సలు ఆశ్చర్యపోలే. "పెండ్లిచూపులప్పుడు గూడ గంతే," అన్నది ఉల్లిగడ్డ కోసుకుంట. "పిల్ల బాగనే ఉన్నది గని, అనుకుంట లేచి పోయిండు. మా నాయిన గల్లీ చివరిదాక ఉరికి పట్టుకొచ్చిండు. ఆ రోజు మా నాయిన మోకాలు నొప్పితోని పండుకుంటే నువ్వు లేవు, మీ అన్న లేడు."

ఇగ కూసున్న. ఏ ఆట పెట్టాలె అని ఇన్నిదినాలు కొట్లాడిన. ఆట ఏదైతేంది? తప్పు చేసినోనికి మనం ఏమంటున్నం, లేచినోన్ని ఎట్ల పిలుస్తున్నం, అది చూడలే. ఎర్ర "తప్పు" అన్ని కాడలకెల్లి పీకేసిన. బేరం సన్నివేశమే ఉంచిన. తప్పు జవాబు నొక్కితే, ఎందుకు పని జెయ్యదో చెప్పి ఇంకోసారి అవకాశమిచ్చేటట్లు పెట్టిన. "బయటకు" నొక్కితే మూసుకపోకుండ పిలుపు వచ్చేటట్లు చేసిన.

పిలుపుకు గొంతు కావాలె. నాది. ఇక్కడ వచ్చింది అసలు తిప్పలు. నేను పుట్టినకాడికెళ్లి ఒక్క గిరాకిని పిలిచిన దాన్ని గాదు. పోతే పోనీ, ఎవలికి ఫికర్ అనే రకం. మళ్ల దుకాణానికి పోయి, ఆ మీది గదిలనే డబ్బాల నడుమ మైకు పెట్టుకున్న. కొండల్ కాకా చెయ్యి ఇరిగిన బొమ్మ పక్కన నిలబడి ఇన్నడు.

"ఆగు బాపు!" అన్న.

"ట్రాఫిక్ పోలీసోళ్లు పట్టుకున్నట్లున్నది బిడ్డా. లైసెన్స్ తీస్తడు మీ బాపు."

జర మెల్లగ అన్న.

"ఇదేమో ఎవలికో పాణం మీదికి వచ్చినట్లున్నది. గొంతుల జర నవ్వు ఉండాలె. పోయినా నష్టం లేదు, ఉంటే సంతోషం, గట్ల."

మస్తు సార్లు అన్న. ఒకటి గూడ కుదరలే. మా అన్న తలుపుల నిలబడి నవ్విండు, వాని మీద ఒక డబ్బా ఇసిరిన. బేజారై మైకు ముంగట ఊర్కె కూసున్న. పగటిపూట చూసింది యాదికొచ్చింది, చెయ్యి చాపి ఫోన్ పట్టుకోని ఓరగంట చూస్తున్న బాపు. అప్పుడు నోట్లకెల్లి దానంతటదే వచ్చింది. "ఏడికి బాపు? గా రెండు మార్కుల కోసం పోతవా? కూసో, ఇంకోటి చూద్దాం."

కొండల్ కాకా తల ఊపి కిందికి దిగిండు.

తెల్లారి పొద్దుగాల్నే మాల్ ట్రాలీ దుకాణం ముంగట ఆగింది. లెహంగాలు. మా అన్న మెట్ల మీద నిలబడి, "జల్ది గానీయండ్రి, ఎండకు రంగు పోతది," అని అందరి పాణం తీస్తుండు. సంఘం పెద్దమనుషులు నలుగురైదుగురు పరుపు మీద కూసున్నరు. బాపు నడుమ, ఫోన్ ముంగట.

మొదటి పాఠం అయ్యింది. బేరం వచ్చింది. ఆపా బొమ్మ, "ఎదురు దుకాణంల తక్కువకే ఇస్తున్నరు," అన్నది. బాపు, "అయితే ఆడనే తీసుకోండ్రి" అనే జవాబు నొక్కిండు. అది తప్పని ఆయనకు తెల్వదా! తెల్సు. కావాల్నని నొక్కిండు. ఎందుకు పని జెయ్యదో ఫోన్ చెప్పినా ఇనకుండ ఇంకొన్ని గూడ గట్లనే నొక్కిండు. సన్నివేశం అయిపోయినంక తెర మీద ఆరు పడ్డది. బాపు నా దిక్కు చూసిండు. కండువా దులిపిండు. నిజంగనే పరుపు మీదికెళ్లి లేచి నిలబడి, వేలు ఎత్తి, "బయటకు" నొక్కిండు.

"ఏడికి బాపు? గా రెండు మార్కుల కోసం పోతవా?" అన్నది ఫోన్, నా గొంతుతోని. సౌండు నిండ పెట్టిన. "కూసో, ఇంకోటి చూద్దాం."

బజార్ల పోతున్న ఒక ఆపా, తననే అనుకుందో ఏమో, ఎనకకు తిరిగి మెట్లెక్కి వచ్చి కూసున్నది. కొండల్ కాకా ఆమెకు చీరలు తీసుడు షురూ చేసిండు. బాపు మొఖం చూడాలె మీరు! మూతి బిగపట్టి, నవ్వు ఆపుకుంట, "అంత బతిమిలాడ్తుంది, ఏం చేస్తం," అని పెద్దమనుషులకు చెప్పి కూసున్నడు.

మళ్ల చేసిండు. ఏడొచ్చినయి. మళ్ల లేచిండు. నాకు మా బాపు ఎరుక గదా, రెండో పిలుపు గూడ పెట్టిన. "అగో మళ్ల లేచినవా? చాయ్ చెప్పిన, తాగి పో." కూసున్నడు. ఈసారి తొందరపడకుండ ఆపా బొమ్మ చెప్పేదంత ఇన్నడు, సరిగ్గ జవాబులు నొక్కిండు, ఎనిమిదొచ్చినయి. పక్కనున్న పెద్దాయన ఫోన్ గుంజుకోబోయిండు, "నాకియ్యి, నేను గూడ లేస్త," అని. బాపు ఇయ్యలే. అన్ని పాఠాలు, అన్ని సన్నివేశాలు, ఆఖరుదాక చేసిండు. "కోర్సు పూర్తయింది" అని పడంగనే, "ఇంకేమున్నయ్?" అన్నడు.

"ఇంకేం లేవు. గది నాది," అన్న.

"గది నీదే. గని సగంల లెహంగాలు..."

"ఫిక్స్‌డ్ రేట్ బాపు."

పెద్దమనుషులు నవ్విండ్రు. మా అన్న ట్రాలీ మీద తల పెట్టుకున్నడు. బాపు ఏదో బేరం ఇంకా నోట్ల ఉన్నట్లే నన్ను చూసిండు. చూసి, కండువా నడుముకు కట్టుకోని, మెట్లెక్కి మీదికి పోయిండు. నేను ఎనకనే పోయిన. దుకాణంల ఒక్క డబ్బా ఎత్తి ఎరగని మనిషి, ఒక డబ్బా భుజం మీదికెత్తుకోని నిలబడ్డడు.

"ఏడ పెట్టాలె, మేడం?" అన్నడు.

"కిందికి," అన్న. నేను ఇంకో డబ్బా ఎత్తిన.

సాయంత్రానికి గది ఖాళీ అయ్యింది. ఊడ్చిన, బల్ల ఏసిన, మైకు పెట్టిన. తలుపు దగ్గరికేసిన. ఎంత నిశ్శబ్దం! చెవులకు ఇయర్‌ఫోన్ పెట్టుకోని, రికార్డు నొక్కి, "పాఠం ఒకటి, నమస్కారం," అన్ననో లేదో, తలుపు బయటికెళ్లి మా బాపు గొంతు, గోడ ఎంత మందమైతేంది, గదంత దద్దరిల్లేటట్లు.

"అరే మెల్లగ! చప్పుడు చెయ్యకుండ్రిరా! లోపల నా బిడ్డ పని చేస్తుంది!"

కింద ఎవరో ఏందని అడిగినట్లున్నరు.

"పని! కోర్సులు! మస్తు పెద్ద పని!" అని ఇంకా గట్టిగ చెప్పిండు.

నేను తలుపు తెరిసి ఒర్లుదామని లేచిన. లేచి, మళ్ల కూసున్న. ఆయన మెట్లు దిగి పోయినంక మొదటికెళ్లి చదివిన.